బ్యాండ్ ముదురుగా వస్తే ఏం తేలినట్టు?

చి. అమ్మలుకి,

అత్త ఆశీస్సులు. నీ మెసేజ్, దానితో పంపిన బ్లాట్ ఫోటో (ఒక్కో నమూనాలోని ప్రోటీన్లను ఒక్కో లేన్‌లో విడదీసి, కావాల్సిన ప్రోటీన్‌ను యాంటీబాడీతో వెతికితే బ్యాండ్ అనే గీతగా కనిపించే పటం) రెండూ చూశాను. "జబ్బు కణాల్లో బ్యాండ్ బాగా ముదురుగా వచ్చింది అత్తా, ఆ ప్రోటీన్ ఎక్కువ తయారవుతోందని తేలిపోయింది, ఇక ఎందుకు తయారవుతోందో చూడాలి, ఏం చేయమంటావు?" అని రాశావు. మీ గైడ్ కూడా సంతోషించారన్నావు. సంతోషించాల్సిందే. ల్యాబ్‌లో చేరిన కొత్తలో ఇంత శుభ్రమైన బ్లాట్ రావడం తక్కువ విషయమేం కాదు. కానీ ఇంకా ఏమీ తేలలేదు. ఏది తేలాలో, దాన్ని ఎలా తేల్చాలో రాస్తాను. ఉత్తరం పొడుగవుతుంది, తీరిగ్గా చదువుకో.

ఆ ఫోటో చెప్పేది ఇంతే: నువ్వు కణాలను పగలగొట్టిన క్షణంలో, ఆ లేన్‌లో పోసిన నమూనాలో, నీ యాంటీబాడీ అంటుకునే పదార్థం ఏదో పక్క లేన్‌లో కన్నా ఎక్కువగా ఉంది. తయారీ పెరిగి ఎక్కువైందా, తయారీ మామూలుగానే ఉండి విరిగిపోవడం తగ్గిందా అన్నది బ్లాట్‌కి తెలీదు. తొట్టిలో నీటి మట్టం పెరిగితే పైన పంపు ఎక్కువ తిప్పారో, అడుగున తూము పూడుకుపోయిందో మట్టం చూసి చెప్పలేం కదా. కణంలో ప్రతి ప్రోటీన్‌ పరిస్థితీ అదే. రైబోజోమ్‌లు ఒకపక్క కడుతూ ఉంటాయి, ప్రోటియాజోమ్‌లు, లైసోజోమ్‌లు ఇంకోపక్క విరగ్గొడుతూ ఉంటాయి.

పి53 అనే ప్రోటీన్ సంగతే చూడు. మామూలు కణంలో దాని అర్ధాయువు, అంటే ఉన్నది సగానికి తగ్గే సమయం, దాదాపు 20 నిమిషాలు. ఎండీఎం2 అనే ఇంకో ప్రోటీన్ దానికి యుబిక్విటిన్ అనే గురుతు తగిలించి ప్రోటియాజోమ్‌కి అప్పగిస్తూ ఉంటుంది. డీఎన్ఏ దెబ్బతింటే ఆ అప్పగింత ఆగిపోయి, బ్లాట్‌లో పి53 బ్యాండ్ అమాంతం లేస్తుంది. ప్రోటీన్ తయారీకి జీన్ నుంచి వచ్చే నకలైన ఎంఆర్ఎన్ఏను కొలిచి చూస్తే అంత తేడా కనపడదు. హిఫ్-1 ఆల్ఫా అనే ప్రోటీన్ ఇంకా విచిత్రం. ఆక్సిజన్ దండిగా ఉంటే అది కొద్ది నిమిషాలకు మించి నిలవదు, ఆక్సిజన్ తగ్గితే పేరుకుంటుంది. కణాలు ఆక్సిజన్‌ను ఎలా పసిగడతాయో తేల్చినందుకు కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకు 2019లో నోబెల్ ఇచ్చారు. ఆ కథలో ముఖ్యమైన మలుపంతా ప్రోటీన్‌ను విరగ్గొట్టడం దగ్గరే ఉంది. (పన్లోపనిగా చెప్తున్నా: తక్కువ ఆక్సిజన్ చాంబర్‌లోంచి ప్లేటు తీసుకుని ఫోన్ మాట్లాడుకుంటూ బల్ల దగ్గరికి వెళ్ళావంటే ఆ బ్యాండ్ దారిలోనే కరిగిపోతుంది. ఐసూ బఫరూ సిద్ధంగా పెట్టుకోకుండా ఇంక్యుబేటర్ తలుపు తీయకు.)

కాబట్టి "ఎందుకు తయారవుతోంది" అన్న ప్రశ్నను కొన్నాళ్ళు పక్కన పెట్టు. అసలు ఎక్కువ తయారవుతోందా అన్నది ముందు తేలాలి.

దీనికి అందరూ మొదట చేసేది సైక్లోహెక్సిమైడ్ చేజ్. అది రైబోజోమ్‌ను ముందుకు కదలనివ్వదు, అంటే పంపు కట్టేసినట్టు. రెండు రకాల కణాలకూ అది ఇచ్చి, 0, 1, 2, 4 గంటల దగ్గర నమూనాలు తీసి, ఏ కణాల సున్నా గంటను ఆ కణాలకే వంద అనుకుని, తగ్గే వేగం చూడు. రెండింటిలో ఒకే వేగంతో తగ్గితే తయారీ మీద అనుమానం బలపడుతుంది. జబ్బు కణాల్లో నిదానంగా తగ్గితే నీది తూము కథ. ఎంజీ132 అనే మందుతో ప్రోటియాజోమ్‌ను ఆపినప్పుడు మామూలు కణాల్లో కూడా ఆ బ్యాండ్ జబ్బు కణాల స్థాయికి ఎక్కితే ఆ మాట ఇంకా గట్టిపడుతుంది.

చెప్పడానికి తేలికే గానీ ఇందులో రెండు చోట్ల దెబ్బతింటారు. మొదటిది: జబ్బు కణాల్లో నీ ప్రోటీన్ ఎక్కువ కదా, సున్నా గంట బ్యాండ్ ఫిల్మ్ మీదో కెమెరాలోనో అప్పటికే నిండిపోయి ఉంటుంది. నిండిన బ్యాండ్ నిజంగా సగానికి తగ్గినా కంటికి తగ్గినట్టు ఉండదు. "జబ్బు కణాల్లో ప్రోటీన్ స్థిరంగా ఉంది" అని రాసేస్తారు. ఒకే నమూనాను పలచన చేస్తూ వరుసగా నాలుగైదు లేన్లలో పోసి, ఏ మేరకు పోస్తే బ్యాండ్ లెక్కప్రకారం మారుతుందో ముందు తెలుసుకో. రెండోది: సైక్లోహెక్సిమైడ్ అన్ని ప్రోటీన్ల తయారీనీ ఆపుతుంది. నీ ప్రోటీన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ తొందరగా అరిగిపోయే రకమైతే అదీ కాసేపట్లో తగ్గిపోతుంది, నీ ప్రోటీన్ లేని గట్టితనం చూపిస్తుంది. గంటలు గడిచేకొద్దీ కణాలకు కూడా చావు దగ్గరపడుతుంది. రాత్రంతా నడిపిన చేజ్‌ను నేనైతే నమ్మను.

ఈలోగా ఎంఆర్ఎన్ఏ ఎంతుందో కొలిచి పెట్టుకో. అది రెండింతలైతే ప్రోటీన్ కూడా రెండింతలు కావాలని రూలేం లేదు, చాలాసార్లు కాదు కూడా. కానీ ఎంఆర్ఎన్ఏ అంతే ఉండి, అర్ధాయువు కూడా అంతే ఉండి, ప్రోటీన్ మాత్రం పెరిగిందంటే అప్పుడు నీ చేతిలో నిజంగా ట్రాన్స్‌లేషన్ (ఎంఆర్ఎన్ఏ చదివి రైబోజోమ్ ప్రోటీన్ కట్టడం) కథ ఉన్నట్టు. అది దొరకడం అరుదు, దొరికితే చాలా బాగుంటుంది.

ఇక ట్రాన్స్‌లేషన్‌ను నేరుగా కొలవడం. మన కణాల్లో రైబోజోమ్ సెకనుకు ఇంచుమించు ఐదారు అమైనో ఆమ్లాలు కలుపుతుంది, అంటే మూడు, నాలుగు వందల అమైనో ఆమ్లాల ప్రోటీన్ ఒక నిమిషం పైచిలుకులో తయారైపోతుంది. ఇంత వేగంగా జరిగేదాన్ని పట్టుకోవాలంటే తక్కువ సేపు గురుతు పెట్టి వెంటనే ఆపే పద్ధతి కావాలి. ఈమధ్య ఎక్కువమంది వాడేది ప్యూరోమైసిన్ పద్ధతి, సన్‌సెట్ అంటారు, 2009లో వచ్చింది. ప్యూరోమైసిన్ చూడ్డానికి అమైనో ఆమ్లం మోసుకొచ్చిన టీఆర్ఎన్ఏ చివరలా ఉంటుంది. రైబోజోమ్ మోసపోయి దాన్ని గొలుసులో కలుపుతుంది, గొలుసు అక్కడితో తెగి ఊడిపోతుంది. తక్కువ మోతాదులో పది నిమిషాలు ఇచ్చి, ప్యూరోమైసిన్‌కే ఉన్న యాంటీబాడీతో బ్లాట్ చేస్తే లేన్ పొడుగునా మరకలా వస్తుంది. ఆ మరక ఎంత చిక్కగా ఉంటే ఆ పది నిమిషాల్లో అంత తయారీ. ప్యూరోమైసిన్ అసలు ఇవ్వని లేన్ ఒకటి, సైక్లోహెక్సిమైడ్ ముందే ఇచ్చిన లేన్ ఒకటి తప్పకుండా ఉండాలి. ఆ రెండూ లేని సన్‌సెట్ బ్లాట్ ఎవరు చూపించినా నేను పేజీ తిప్పేస్తాను.

ఇప్పుడు నిన్ను ఒకటి అడుగుతాను. నీ జబ్బు కణాలు లెంటివైరస్‌తో జీన్ చొప్పించి ప్యూరోమైసిన్‌తో ఏరినవా? చాలా ల్యాబుల్లో అలాగే చేస్తారు. అలాంటి కణాల్లో ప్యూరోమైసిన్‌ను పనికిరాకుండా చేసే ఎంజైమ్ ఉంటుంది, అవి బతికింది దానివల్లే. వాటికి సన్‌సెట్ చేస్తే మరక పలచగానే వస్తుంది, ట్రాన్స్‌లేషన్ ఎంత జోరుగా ఉన్నా సరే. కణాల పుట్టుక తెలియకపోతే అది పెద్ద ఆవిష్కరణలా కనిపిస్తుంది. ఫ్రీజర్ రికార్డులో ఆ కణాలను ఏ మందుతో ఏరారో చూసుకో. ప్యూరోమైసిన్ అని ఉంటే ఈ పద్ధతి నీకు పనికిరాదు, వేరే దారి చూడాల్సిందే.

పైగా సన్‌సెట్ చెప్పేది కణం మొత్తం తయారీ గురించి. నీకు కావాల్సింది ఒక్క ప్రోటీన్ గురించి. దానికి పాలీజోమ్ ప్రొఫైల్ ఉంది. కణాల రసాన్ని 10 నుంచి 50 శాతం సుక్రోజ్ గ్రేడియంట్ మీద పోసి అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే, రైబోజోమ్‌లు ఎక్కువగా ఎక్కిన ఎంఆర్ఎన్ఏలు కిందికి దిగుతాయి, ఒకటో రెండో ఎక్కినవి పైనే ఉంటాయి. నీ ఎంఆర్ఎన్ఏ జబ్బు కణాల్లో బరువైన భాగాలకు జరిగిందేమో చూస్తావు. దీనికి కంట్రోల్ ఈడీటీఏ. అది కలిపితే రైబోజోమ్‌లు రెండు ముక్కలుగా విడిపోతాయి, నీ ఎంఆర్ఎన్ఏ తేలికైన భాగాలకు వచ్చేయాలి. రాకపోతే అది కిందికి దిగింది రైబోజోమ్‌ల బరువుతో కాదు, ఇంకేదో పెద్ద గుంపులో చిక్కుకుని. అంతా సరిగ్గా వచ్చినా ఇంకో మెలిక ఉంది. రైబోజోమ్‌లు మధ్యలో ఇరుక్కుపోయి కదలకుండా నిలిచినా ఎంఆర్ఎన్ఏ బరువుగానే కనిపిస్తుంది. ట్రాఫిక్ జామ్‌లో బళ్ళు ఎక్కువున్నాయి కాబట్టి అందరూ జోరుగా ఇళ్ళకు చేరుతున్నారని ఎవరూ అనరు, కానీ పాలీజోమ్ పటం చూసి అనేస్తారు.

సూటిగా జవాబు చెప్పేది పాత పద్ధతే. సల్ఫర్-35 మెథియోనిన్‌తో పది, పదిహేను నిమిషాలు గురుతు పెట్టి, నీ ప్రోటీన్‌ను యాంటీబాడీతో లాగి, ఎంత రేడియోధార్మికత ఎక్కిందో చూడటం. ఐసోటోప్ అనుమతి లేకపోతే ఏహెచ్ఏ అనే మెథియోనిన్ లాంటి అమైనో ఆమ్లంతో, రేడియోధార్మికత లేకుండా ఇదే పని చేయవచ్చు. రెండింటికీ మెథియోనిన్ లేని మీడియంలో (కణాలను పెంచే పోషక ద్రవంలో) కణాలను కాసేపు ఉంచాలి. కాసేపే. ఆకలి ఎక్కువైతే కణం తన ట్రాన్స్‌లేషన్‌ను తానే తగ్గించుకుంటుంది, నువ్వు కొలిచేది ఆ ఆకలినే అవుతుంది.

కంట్రోల్స్ గురించి నేను ఎవరికి చెప్పినా నైరెన్‌బర్గ్, మత్తై 1961లో చేసిన ప్రయోగం చూడమంటాను. పాలీ-యు ఆర్ఎన్ఏ (యు అక్షరం ఒక్కటే వరుసగా ఉన్నది) ఇస్తే ఫినైల్ అలనిన్ గొలుసు వచ్చిందన్నదే అందరికీ గుర్తు. ఆ పేపర్ బలం మాత్రం పక్క వరుసల్లో ఉంది. పాలీ-ఏ ఇస్తే ఫినైల్ అలనిన్ ఎక్కలేదు, పాలీ-సి ఇచ్చినా ఎక్కలేదు, ప్యూరోమైసిన్ ఇస్తే ఎక్కడం ఆగింది. రాకూడని చోట రాలేదని చూపించారు కాబట్టే జన్యుభాషలో మొదటి మాట దొరికిందని లోకం నమ్మింది. నీ బ్లాట్‌లో నాకు వెలితిగా కనిపించినవి ఆ పక్క వరుసలే.

ఇప్పుడు ఫ్లాస్కు దగ్గరికి రా. ట్రాన్స్‌లేషన్ కణం మూడ్‌ని బట్టి మారిపోయే వ్యవహారం. అమైనో ఆమ్లాలు తగ్గితే జీసీఎన్2, ఈఆర్ అనే కణ భాగంలో ప్రోటీన్లు సరిగ్గా మడత పడకపోతే పెర్క్, వైరస్ ఆర్ఎన్ఏ కనిపిస్తే పీకేఆర్, హీమ్ తగ్గితే హెచ్ఆర్ఐ. ఈ నాలుగు కైనేజ్‌లూ (ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్‌లు) చివరికి ఈఐఎఫ్2 ఆల్ఫా అనే ఒకే ప్రోటీన్ మీద ఫాస్ఫేట్ పెడతాయి, కణం మొత్తం తయారీ తగ్గుతుంది, ఏటీఎఫ్4 లాంటి కొన్ని ప్రోటీన్లు మాత్రం పెరుగుతాయి. మరోవైపు ఎంటార్ అనే ఇంకో కైనేజ్ ఉంది, తిండి, గ్రోత్ ఫ్యాక్టర్లు ఎంతున్నాయో చూసి పంపు తిప్పుతూ ఉంటుంది. అంటే పాత మీడియంలో ఉన్న ఫ్లాస్కు, నిన్న మీడియం మార్చిన ఫ్లాస్కు ఒకే కణాలవైనా ఒకేలా ఉండవు.

నువ్వు రాసినదాంట్లో ఒక చిన్న మాట నన్ను పట్టుకుంది. జబ్బు కణాలు నిదానంగా పెరుగుతాయన్నావు. రెండింటినీ ఒకే సంఖ్యలో వేసి, ఒకే రోజు తీశావనుకుంటాను. అలాగైతే తీసే రోజుకి మామూలు కణాలు ఫ్లాస్కు నిండా ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, మీడియం పసుపు తిరిగి ఉంటుంది. జబ్బు కణాలు సగమే నిండి, మీడియం ఎర్రగా ఉంటుంది. నీ బ్యాండ్ తేడా జబ్బుదా, కిక్కిరిసి ఉండటంవల్ల వచ్చినదా? విత్తే సంఖ్యను మార్చి, తీసే రోజు రెండూ దాదాపు 70 శాతం నిండేలా చూడు. ముందు రోజు రెండింటికీ ఒకే సమయంలో మీడియం మార్చు. మామూలు కణాలనే తక్కువగా, మధ్యస్తంగా, కిక్కిరిసి మూడు రకాలుగా పెంచి నీ ప్రోటీన్ ఎలా మారుతుందో చూడు. ఇది మధ్యాహ్నం తీరికలో చేసుకునే ప్రయోగం, ఎవరూ పేపర్‌లో మెచ్చుకోరు, కానీ దీనివల్ల ఆగిపోయిన పొరపాటు ప్రాజెక్టులు చాలా ఉన్నాయి. అదే నమూనాలో ఫాస్ఫో ఈఐఎఫ్2 ఆల్ఫా, ఫాస్ఫో ఎస్6 (ఎంటార్ జోరుగా ఉంటే ఫాస్ఫేట్ ఎక్కే ప్రోటీన్) బ్లాట్లు కూడా చేసి పెట్టుకో, కణాల మూడ్ ఎలా ఉందో ఆ రెండూ చెప్తాయి.

మూడ్ కన్నా ముందు, అవి ఏ కణాలో రూఢి కావాలి. హెన్రియెట్టా లాక్స్ అనే ఆమె శరీరం నుంచి, ఆమెను అడగకుండా, 1951లో తీసిన హీలా కణాలు ఎంత గట్టివంటే పక్క ఫ్లాస్కుల్లోకి చేరి అసలు కణాలను తరిమేసేవి. 1966లో స్టాన్లీ గార్ట్‌లర్ వేర్వేరు పేర్లతో చలామణీ అవుతున్న ఎన్నో కణాలు నిజానికి హీలాయేనని జీ6పీడీ ఎంజైమ్ రకం చూసి చెప్పాడు. విన్నవాళ్ళకు నచ్చలేదు, చాలామంది అవే కణాలతో పని కొనసాగించారు. ఎండీఏ-ఎంబీ-435 అన్న కణాలను ఏళ్ళ తరబడి రొమ్ము క్యాన్సర్ కణాలనుకున్నారు, తీరా చూస్తే మెలనోమా. ఇప్పుడు కణాల డీఎన్ఏ వేలిముద్ర చూసే ఎస్‌టీఆర్ పరీక్ష చేయించడం తేలిక. పక్క ల్యాబ్ సీనియర్ ఇచ్చిన ట్యూబ్ మీద మార్కర్‌తో రాసిన పేరుని పరీక్ష అనుకోకు.

ఫ్లాస్కుల్లో చేరే మైకోప్లాస్మా అనే చిన్న బ్యాక్టీరియా గురించి కాస్త ఎక్కువే చెప్తాను, నీ పనికి అది నేరుగా తగులుతుంది కాబట్టి. దానికి కణ కవచం లేదు, పెన్సిలిన్ దాన్నేం చేయదు. మీడియం మసకబారదు. మామూలు మైక్రోస్కోపులో కనిపించదు, వడపోత ఫిల్టర్లలోంచి కూడా జారిపోతుంది. ఫ్లాస్కు చూడ్డానికి నిక్షేపంలా ఉంటుంది. కానీ చాలా రకాల మైకోప్లాస్మాలు ఆర్జినైన్‌ను తినేస్తాయి. ఆర్జినైన్ తగ్గితే కణానికి ఆకలి, ఆకలి వేస్తే ట్రాన్స్‌లేషన్ మారుతుంది. ఒక ఫ్లాస్కుకి పట్టి, ఇంకోదానికి పట్టకపోతే నీ రెండు లేన్ల మధ్య తేడా మొత్తం దానిదే కావచ్చు. పీసీఆర్ పరీక్ష నెలకోసారి చెయ్యి. పాజిటివ్ వస్తే మందులు పోసి కాపాడదామని చూడకు, పారేసి, ముందే దాచిన శుభ్రమైన ట్యూబ్ నుంచి మళ్ళీ మొదలుపెట్టు. అందుకే కొత్త కణాలు వచ్చిన వారంలోనే, పాసేజ్ (ఫ్లాస్కు నుంచి ఫ్లాస్కుకి మార్చిన సార్లు) తక్కువగా ఉండగానే, పది ట్యూబులు ద్రవ నైట్రోజన్‌లో దాచుకోమనేది.

యాంటీబాడీ విషయం పొట్టిగా. కంపెనీ కాగితంలో ఉన్న బొమ్మ నీ కణాల్లో తీసింది కాదు. ఆ జీన్ తీసేసిన కణాల నమూనా ఒక లేన్‌లో పోసి చూడు, బ్యాండ్ మాయమైతే యాంటీబాడీ మంచిది, మాయం కాకపోతే ఇన్నాళ్ళూ నువ్వు చూసింది వేరే ప్రోటీన్. అన్ని లేన్లలో సమానంగా పోశావని చూపడానికి యాక్టిన్ ప్రోటీన్ ఒక్కదాన్నే నమ్మకు, మొత్తం ప్రోటీన్‌ను చూపే పాన్సో రంగు వేసిన మెంబ్రేన్ ఫోటో కూడా దాచు. ప్లాస్మిడ్ (జీన్‌ను మోసే డీఎన్ఏ ఉంగరం) ఎవరిచ్చినా సీక్వెన్స్ చేయించాకే వాడు. పి53ని 1979లో కనుక్కున్నాక పదేళ్ళపాటు అది క్యాన్సర్‌ను పెంచే జీన్ అనుకున్నారు. మొదట్లో అందరూ వాడిన క్లోన్లలో మ్యూటేషన్ ఉండటం దానికి పెద్ద కారణం. 1989లో గానీ అది క్యాన్సర్‌ను ఆపేదని తేలలేదు.

ఒకే ఫ్లాస్కు నుంచి తీసిన మూడు బావుల (ప్లేటులోని గుంటల) లెక్కను మూడు ప్రయోగాలు అనకు, అది ఒక ప్రయోగం మూడుసార్లు కొలవడం. వేరే రోజు, వేరే ట్యూబ్ కరిగించి, వేరేగా చేసినదే రెండో ప్రయోగం. మైక్రోస్కోపులో కణాలు లెక్కపెట్టేటప్పుడు ఏ ప్లేటు ఏదో నీకు తెలియకుండా ఎవరితోనైనా నంబర్లు వేయించుకో. నోట్‌బుక్‌లో పాసేజ్ నంబరు, సీరం లాట్ నంబరు, ఎంతమేర నిండాయో రాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, బ్లాట్ తీయకముందే ఏం వస్తుందని అనుకుంటున్నావో ఒక్క లైను రాసి తేదీ వెయ్యి. వచ్చాక "నేను ముందే అనుకున్నాను" అనడం మనిషి స్వభావం.

ఇదంతా దాటి, తయారీయే పెరిగిందని తేలిందనుకుందాం. అప్పుడు కూడా జబ్బుకి అదే కారణం అనలేం. జబ్బు కణాల్లో పెరిగిన ప్రోటీన్ జబ్బు తెచ్చినది కావచ్చు, జబ్బు వల్ల పెరిగినది కావచ్చు, లేదా జబ్బును తట్టుకోవడానికి కణం పెట్టుకున్న కాపలా కావచ్చు. ప్రోటీన్లు సరిగ్గా మడత పడని కణాల్లో హెచ్ఎస్‌పీ70 లాంటి సహాయకులు పెరుగుతాయి. వాటిని దోషులనుకుని తగ్గించావంటే కణాన్ని చంపుతావు. కాబట్టి రెండు వైపుల నుంచీ పరీక్షించు. జబ్బు కణాల్లో దాన్ని మామూలు స్థాయికి తగ్గిస్తే ప్రవర్తన మారుతుందా? ఆరోగ్యమైన కణాల్లో జబ్బు స్థాయికి పెంచితే అదే ప్రవర్తన వస్తుందా? జబ్బు స్థాయికే సుమా. బలమైన ప్రమోటర్ (జీన్‌ను నడిపే స్విచ్) పెట్టి యాభై రెట్లు పెంచితే ఏ ప్రోటీన్ అయినా కణాన్ని ఇబ్బంది పెడుతుంది. తగ్గించడానికి కనీసం రెండు వేర్వేరు ఎస్‌ఐఆర్ఎన్ఏలు (ఆ జీన్ ఎంఆర్ఎన్ఏను అణిచే చిన్న ఆర్ఎన్ఏలు) వాడు, వాటికి చిక్కని రూపంలో అదే జీన్ తిరిగి ఇచ్చి ప్రవర్తన వెనక్కి వస్తుందో లేదో చూడు.

ప్రవర్తన కొలిచేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. ఎంటీటీ పరీక్షలో రంగు తగ్గితే కణాలు చచ్చాయని రాస్తారు, అది కొలిచేది కణాల జీవక్రియను. బతికుండి మందగించిన కణాలు కూడా తక్కువ రంగే ఇస్తాయి. కణాల పొరలో గీత గీసి ఖాళీ పూడటం చూసి కణాలు వేగంగా కదులుతున్నాయంటారు, వేగంగా విభజన చెందినా ఖాళీ పూడుతుంది.

ఇంకా ఫ్లాస్కులో నిజమైనది ఒంట్లో నిజం కాకపోవచ్చు. మనం ఎక్కువగా వాడే మీడియంలో గ్లూకోజ్ లీటరుకు 4.5 గ్రాములు. ఆరోగ్యవంతుల రక్తంలో ఉండేది ఒక గ్రాము లోపే. ఇంక్యుబేటర్‌లో ఆక్సిజన్ గాలిలో ఉన్నంత ఉంటుంది, కణజాలాల్లో అంతకన్నా చాలా తక్కువ. నీ ప్రోటీన్ జీవక్రియకు సంబంధించినదైతే తక్కువ గ్లూకోజ్‌లో ఒకసారి చేసి చూడకుండా జబ్బు గురించి ఒక్క వాక్యం కూడా రాయకు.

ఇంత చాదస్తం దేనికని విసుక్కోకు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య జబ్బు చూడు. 1989లో జీన్ దొరికింది, చాలామంది రోగుల్లో సీఎఫ్‌టీఆర్ ప్రోటీన్‌లో 508వ చోట ఒక్క ఫినైల్ అలనిన్ లోపించిందని తెలిసింది. చూడ్డానికి ప్రోటీన్ లేని జబ్బులా ఉంటుంది, కణం అంచున ఆ ప్రోటీన్ దాదాపు కనపడదు. కానీ తయారీ జరుగుతూనే ఉంది. తయారైనది సరిగ్గా మడత పడక, అంచుకు చేరకముందే విరిగిపోతోంది. కణాలను 37 డిగ్రీల్లో కాకుండా 27 డిగ్రీల దగ్గర పెంచితే కొంత అంచుకు చేరి పని కూడా చేసిందని తర్వాత తేలింది. అంటే మడతను సరిచేసే మందు దొరికితే ఉపయోగం ఉంటుందన్నమాట. అలాంటి మందులు రెండు, ఆ ప్రోటీన్ తలుపు తెరిచే మందు ఒకటి, మూడూ కలిపిన మాత్రకు అమెరికాలో 2019లో అనుమతి వచ్చింది. తయారీ తక్కువైందనుకుని పంపు దగ్గరే కూర్చుని ఉంటే ఆ మందుల కోసం ఎవరూ వెతికేవాళ్ళు కాదు.

మీ గైడ్‌కి ఎలా చెప్పాలన్నది నీ అసలు టెన్షన్ అని నాకు తెలుసు. "ఇది నిజం కాకపోవచ్చు సార్" అని వెళ్ళకు, ఆయన సంతోషం మీద నీళ్ళు పోసినట్టు ఉంటుంది, నీ పనిమీద నీకే నమ్మకం లేదనుకుంటారు కూడా. "సార్, తయారీయా, విరిగిపోవడం తగ్గిందా అన్నది చేజ్ చేస్తే రెండు వారాల్లో తెలిసిపోతుంది, రివ్యూవర్ ఎలాగూ అడుగుతాడు, ముందే చేసేస్తాను" అను. ప్లాన్ ఒక పేజీలో రాసి తీసుకెళ్ళు. గ్రూప్ మీటింగ్‌లో ఆ బ్లాట్ చూపించాల్సి వస్తే "పరిమాణం పెరిగింది" అని మాత్రం అను, తయారీ మాట ఎత్తకు. ఒకసారి నలుగురిలో అన్నది ల్యాబ్‌లో స్థిరపడిపోతుంది, తర్వాత వెనక్కి తీసుకోవడం నీ వయసువాళ్ళకి కష్టం.

వరుస ఇలా పెట్టుకో. ముందు మైకోప్లాస్మా, ఎస్‌టీఆర్. అవి వచ్చేలోపు కణాలు కిక్కిరిసినప్పటి తేడా చూడు. తర్వాత యాంటీబాడీ పరీక్ష, ఆపైన చేజ్, ఎంఆర్ఎన్ఏ. ఇవన్నీ అయ్యాకే పాలీజోమో సల్ఫర్-35నో. సల్ఫర్-35 మెథియోనిన్ నుంచి రేడియోధార్మిక ఆవిరి వస్తుంది, ఆ సీసా మూత ఫ్యూమ్ హుడ్‌లోనే తీయాలి, శిక్షణ పూర్తి కాకుండా ఎవరు తొందరపెట్టినా ముట్టుకోకు. ద్రవ నైట్రోజన్‌లోంచి ట్యూబ్ తీసేటప్పుడు ముఖానికి షీల్డ్ పెట్టుకో, లోపలికి ద్రవం చేరిన ట్యూబ్ బయటికి రాగానే పేలవచ్చు. ఎస్‌టీఆర్ రిపోర్టులో సరిపోలిక 80 శాతం కన్నా తక్కువ ఉంటే మిగతావేమీ మొదలుపెట్టకుండా నాకు ఫోన్ చెయ్యి.

అత్త